పోయే మనిషికి నొప్పి తగ్గించే మాత్ర కోసం నాలుగు గంటల ప్రయాణమా?

సంపాదకులకు నమస్కారం.

గత నెల మా నాన్న పోయారు. 74 ఏళ్లు, ఊపిరితిత్తుల క్యాన్సర్, తెలిసేసరికే కాలేయానికి పాకింది. పోయినందుకు కాదు ఈ ఉత్తరం, పోయేముందు ఆయన్ని మేం పెట్టిన తిప్పల గురించి.

మాది టెక్కలి దగ్గర పల్లెటూరు. ఆయాసం ఎక్కువై ఒక రాత్రి 108లో శ్రీకాకుళం తీసుకెళ్తే, చూసి విశాఖపట్నం రాసేశారు. మన జిల్లాలో అందరికీ అలవాటైన దారే. అక్కడో ప్రైవేటు ఆసుపత్రిలో ఐదు రోజులు ఐసీయూ. ఎప్పుడడిగినా "24 గంటలు గడవనివ్వండి" అనడమే తప్ప ఇక లాభం లేదన్న ముక్క ఎవరూ చెప్పలేదు, బిల్లు కౌంటర్ నుంచి మాత్రం రోజూ సాయంత్రం ఫోన్ ఠంచనుగా వచ్చేది. పూటకి పది నిమిషాలు, ఒక్కరినే లోపలికి పంపేవారు. ముక్కులో గొట్టం పీకేసుకుంటున్నారని చేతులు రెండూ బ్యాండేజీ గుడ్డతో మంచం కమ్మీకి కట్టారు. నేను వెళ్తే ఒకటే మాట, "ఇంటికెలిపోదాం బావూ".

ఐదో రోజు వెంటిలేటర్ అన్నారు. అప్పుడొక జూనియర్ డాక్టరమ్మ మెట్ల దగ్గర నన్ను ఆపి, "ఇంటికి తీసుకెళ్తే మీతో మాట్లాడుతూ ఉంటారండీ, ఇక్కడైతే అదీ ఉండదు" అంది. ఆ పిల్లకి దణ్ణం పెట్టాలి. డాక్టర్ల సలహాకు వ్యతిరేకంగా తీసుకెళ్తున్నామని సంతకం పెట్టించుకుని పంపారు, ఏదో తప్పు చేసినట్టు. గౌరవంగా చనిపోవడం కూడా జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పిందని నాకు తర్వాత తెలిసింది.

ఇంటికొచ్చాక అసలు కష్టం నొప్పి. రాత్రుళ్లు పక్కింటివాళ్లకీ నిద్ర లేదు. నల్లమందు నుంచి తీసే గట్టి నొప్పి మందు, మార్ఫిన్ మాత్రలు కావాలన్నారు, టెక్కలిలోనూ శ్రీకాకుళంలోనూ నేను తిరిగిన ఏ మందుల షాపులోనూ లేవు. చివరికి కాగితాలన్నీ పట్టుకుని నాలుగు గంటలు ప్రయాణం చేసి విశాఖపట్నం దగ్గర అగనంపూడిలోని హోమీభాభా క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లి తెచ్చాను. అలవాటు పడిపోతారేమో అని మా మావయ్య భయం. వారం బతికే మనిషికి అలవాటేమిటండీ! మాత్ర పడిన రోజు రాత్రి నాన్న లేచి కూర్చుని అరగ్లాసు చోడంబలి తాగి, కళ్లం దగ్గర గడ్డివాము ఎవరు కప్పారని అడిగారు. ఇంకో ఎనిమిది రోజులున్నారు.

మార్ఫిన్ ఇవ్వడం సులువు చేయడానికే 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించారు. కేరళలో పంచాయతీల తరఫున నర్సులు ఇలాంటి రోగుల ఇళ్లకే వెళ్తారు. మన ఊళ్లకీ బీపీ, షుగరు మాత్రలతో 104 బండి వస్తుంది కదా, ఏఎన్‌ఎంలూ ఆశా కార్యకర్తలూ ఇల్లిల్లూ తిరుగుతారు కదా, పుండు కడగడం, నొప్పి ఎంతుందో రాసుకోవడం వాళ్లకి నేర్పలేమా? టెక్కలి లాంటి చోట ప్రభుత్వాసుపత్రిలో ఈ మాత్రలుంచి, ఇవ్వడానికి శిక్షణ పొందిన ఒక్క డాక్టరుంటే చాలు. పలాసలో కిడ్నీ రోగులకి 200 పడకల ఆసుపత్రి కట్టగలిగినవాళ్లకి ఇదేమంత పెద్ద పని కాదు.

ఇంట్లో ఇంకా ఆరు మాత్రలు మిగిలాయి. మా వీధిలోనే గొంతు క్యాన్సర్ ఉన్నాయన కొడుకు వచ్చి అడిగాడు. డాక్టరు రాయనిది ఒకరిది ఇంకొకరికి ఇవ్వకూడదట. రేపు పొద్దున్న బస్సుకి ఆ అబ్బాయిని వెంటబెట్టుకుని అగనంపూడి వెళ్తున్నాను.

— ఒక పాఠకుడు, టెక్కలి మండలం, శ్రీకాకుళం జిల్లా