గులకరాళ్ల దగ్గర పెద్ద గొడవ

ఒరేయ్ శీనూ,

జవాబు ఇంత ఆలస్యమైనందుకు ఎన్ని తిట్టుకున్నా పడతాను. ఇక్కడ అందరం కులాసా. పాపకి పళ్లొస్తున్నాయి, ఇంటద్దె పెరిగింది. అంతే, అసలు సంగతి విను.

ఇవాళ ఇక్కడి దక్షిణాఫ్రికా బంగారు గనుల రాయి, అదే విట్‌వాటర్స్‌రాండ్ కాంగ్లామరేట్‌ని (గులకరాళ్లు అతుక్కుని గట్టిపడ్డ రాయి) మైక్రోస్కోప్ కింద చూశానురా! క్వార్ట్జ్ గులకరాళ్లు, వాటి మధ్య పైరైట్, అంటే బంగారంలా మెరిసే ఇనుము-గంధకం ఖనిజం. కోణాలు తేలి ఉండాల్సిన పైరైట్ ఆవగింజల్లా గుండ్రంగా! ఏట్లో దొర్లి దొర్లి అరిగింది. ఇప్పటి ఏట్లోనైతే అంతదూరం రాకముందే తుప్పయిపోదూ? పైగా యురేనినైట్ గింజలు కూడా, ఆక్సిజన్ తగిలితే నిలవని యురేనియం ఖనిజం అది. దాదాపు 290 కోట్ల ఏళ్ల కిందట గాలిలో ఆక్సిజన్ లేనట్టేనన్నమాట.

మరి బంగారమో? అది గుండ్రంగా లేదు! పైరైట్ పగుళ్లలోకి పాకి, సందుల్లో అల్లుకుంది. "చూశావా, భూమి లోపలి వేడినీళ్లు తర్వాత తెచ్చి పెట్టాయి" అన్నాడు మా ల్యాబ్ పెద్దాయన. రిటైరైనా రోజూ వస్తాడు, అచ్చం మన 'సుత్తి మాస్టారే'. వెంటనే పక్క టేబుల్ ఆవిడ లేచింది. తెచ్చింది ఏరేనట, వేడినీళ్లు దాన్ని అక్కడికక్కడే కరిగించి మళ్లీ పేర్చాయంతేనట. 2002లో వచ్చిన రీనియం-ఆస్మియం లెక్క (ఆ మూలకాల క్షయంతో వయసు కట్టే పద్ధతి) తీసింది: బంగారం వయసు సుమారు 303 కోట్ల ఏళ్లు, అంటే అది ఇరుక్కున్న రాయికంటే పాతది! నేను ఆవిడ పక్షమే.

పెద్దాయన ఊరుకుంటాడా? "అయితే ఏరు బంగారాన్ని తెచ్చిన ఆ కొండలేవి?" అన్నాడు. ఇసుక ఎక్కడిదో వయసుతో చెప్పే జిర్కాన్ గింజలను అడిగితే చుట్టుపక్కల పాత గ్రానైట్లు, గ్రీన్‌స్టోన్‌లనే (పచ్చటి పాత లావా రాళ్లు) చూపిస్తాయి. కానీ 1886 నుంచి ఇక్కడ తవ్వింది 50 వేల టన్నుల పైమాటే! మన కోలార్ మూతపడేదాకా ఇచ్చింది వెయ్యి టన్నులు కూడా లేదు. అంత బంగారమున్న కొండలు ఇప్పుడు ఎక్కడా కనబడవు. "అరిగిపోయాయి" అంటుంది ఆవిడ. అరిగిపోయిన కొండని సాక్ష్యానికి ఎలా పిలుస్తాంరా? అయినా నాకెందుకో...

ఇంతలో ఆ రాయి ఏ లోతు నుంచి వచ్చిందో గుర్తొచ్చి మనసు అదోలా అయిపోయింది. ఇక్కడి గనులు కొన్ని దాదాపు 4 కిలోమీటర్ల లోతున్నాయి, అడుగున రాయి 60 డిగ్రీలు దాటి కాలుతుంది. మేము ఏసీలో కూర్చుని వాదించుకుంటున్నాం.

సరేగానీ, నువ్వింకా బనగానపల్లె కాంగ్లామరేట్ మీదే ఉన్నావు కదా. అక్కడి వజ్రాలూ ఎక్కడో పుట్టి కొట్టుకొచ్చినవే. మూలం గురించి మీవాళ్లేమంటున్నారో రాయి. నీ సోడాసీసా 'వజ్రం' లెక్కలోకి రాదు, ముందే చెప్తున్నా! ఇంకా యురేనియం సంగతి చెప్పాలి, అందులో అసలు తమాషా... క్యాబ్ వాడు హారన్ మీద హారన్ కొడుతున్నాడు, ఉంటానురా.

నీ
రాజు