ఈసారి ఒక సైజు పెద్ద షూస్ ఇవ్వను

నమస్తే. జూన్ 12న బడులు తెరుస్తారు. ఆలోపే మన ఫుట్‌బాల్ పిల్లల గురించి, నల్గొండ ప్రకాశం బజార్‌లోని మన స్పోర్ట్స్ షాపు గురించి మీకు కొన్ని సంగతులు చెప్పాలి. పోయిన ఏడాది నేను చేసిన తప్పులతోనే మొదలుపెడతా.

"రెండేళ్లు రావాలి, ఒక సైజు పెద్దది ఇవ్వన్నా" అని చాలామంది అడిగారు, నేనూ ఇచ్చాను. పిల్లల కాళ్లు ఆర్నెల్లకే పెరుగుతాయి, ప్రతిసారీ కొత్తవి కొనాలంటే ఎంత కష్టమో నాకూ తెలుసు, అందుకే కాదనలేకపోయాను. కానీ షూ లోపల పాదం జారుతుంటే పరిగెత్తే పిల్లాడు టక్కున ఆగలేడు, పక్కకు తిరగలేడు. మడమల మీద బొబ్బలు, నల్లబడ్డ గోర్లు గ్రౌండ్‌లో రోజూ నా కళ్లతో చూశాను. అమ్మింది నేనే, కోచింగ్ ఇచ్చేదీ నేనే, ఇంకెవరినీ అనడానికి లేదు. ఈసారి పిల్లలను వెంట తీసుకురండి, ఆడేటప్పుడు వేసుకునే సాక్సే వేయించి, నిలబెట్టి చూస్తా, ముందు చిటికెన వేలు పట్టేంత ఖాళీ ఉంటే చాలు. ఖర్చు సంగతికి నాకు తోచిన దారి ఇది: పొట్టివైపోయిన షూస్ బాగుంటే షాపుకు తెచ్చివ్వండి, శుభ్రం చేసి చిన్నపిల్లలకు తక్కువ ధరకు ఇస్తాను, మీకు ఆ మేరకు కొత్త జతలో తగ్గిస్తాను.

ఇంకొకటి. ఫోన్‌లో పెద్ద ఆటగాళ్ల షూస్ చూపించి అవే కావాలంటారు పిల్లలు. పొడుగు స్టడ్స్, అంటే షూ అడుగున ఉండే బొడిపెలు, ఉన్నవి మెత్తటి గడ్డి మీద ఆడేందుకు. మనం ఆడేది గట్టి నేల, మొరం మీద. ఇక్కడ చిన్న చిన్న రబ్బరు స్టడ్స్ ఉన్నవే మంచివి, అవే తెప్పించాను.

బాల్ విషయంలోనూ తప్పు నాదే. నాలుగో సైజు స్టాక్ అయిపోయిందని తొమ్మిదేళ్ల పిల్లలకు కూడా ఐదో సైజు ఇచ్చేశాను. ఐదో సైజు బాల్ 410 నుంచి 450 గ్రాములు ఉంటుంది, నాలుగోది 350 నుంచి 390. చేత్తో పట్టుకుంటే పెద్ద తేడా అనిపించదు గానీ, ఒక్క పొద్దులో వందల సార్లు తన్నే చిన్న కాలికి తెలుస్తుంది. ఎనిమిది నుంచి పన్నెండేళ్ల వాళ్లకు నాలుగో సైజు, అంతకన్నా చిన్నవాళ్లకు మూడు, పదమూడు నిండాకే ఐదు. మా దగ్గర ఐదో సైజు కొన్న చిన్నపిల్లల అమ్మానాన్నలు బిల్లు లేకపోయినా తీసుకురండి, ఊరికే మార్చి ఇస్తా.

ఇక అసలు సంగతి. పోయిన ఏడాది బడులు తెరిచిన పదో రోజే టీమ్‌ను హైదరాబాద్‌లో మ్యాచ్‌కు తీసుకెళ్లాను. ఎండాకాలమంతా అమ్మమ్మల ఊళ్లలో గడిపి, నెలన్నర సరిగ్గా పరిగెత్తని పిల్లలు వాళ్లు. ఇద్దరికి తొడ వెనక కండరం పట్టేసింది. ఇంకో పిల్లాడు మోకాలి కింద నొప్పి అంటే "పెరిగే వయసు, ఆడితే అదే పోతుంది" అని బ్యాండేజ్ చుట్టి మూడు మ్యాచ్‌లు ఆడించాను. నెల తర్వాత డాక్టర్ చెప్పాడు: మోకాలి చిప్ప కింద కండర బంధం ఎముకకు అతుక్కునే చోట, ఎముక ఇంకా పెరుగుతున్న వయసులో, గుంజి గుంజి వాపు వచ్చింది, ఆస్‌గుడ్ ష్లాటర్ అంటారట, కొన్నాళ్లు దుముకుడు, పరుగు తగ్గించాలట. మొదటి రోజే ఆపి ఉంటే ఆ పిల్లాడికి అంత నొప్పి ఉండేది కాదు. వాళ్లింటికి వెళ్లి క్షమాపణ అడిగాను, ఇక్కడా అడుగుతున్నా. ఇక నుంచి మోకాలో మడమో నొప్పి అన్న పిల్లాడు ఆ రోజు ఆడడు, నొప్పి తగ్గకపోతే డాక్టర్ చెప్పేదాకా ఆడడు. దయచేసి "ఏం కాదు, ఆడించన్నా" అనకండి.

అందుకే ఈ ఏడాది మొదటి ఆరు వారాలు మ్యాచ్‌లు లేవు. పక్క టీమ్‌ల నుంచి ఫోన్లు వస్తున్నాయి, మిర్యాలగూడ వాళ్లు కూడా అడిగారు, ఆగస్టులో చూద్దామన్నాను. మొదటి రెండు వారాలు అరగంట బాల్‌తో ఆట, మెల్లగా పరుగు, అంతే. ఆ తర్వాత కొంచెం కొంచెం పెంచుతాం. ప్రతి రోజూ ముందు వార్మప్: ఒంటి కాలి మీద నిలబడటం, దుమికి మెత్తగా దిగడం, దెబ్బ తగలకుండా పడటం నేర్చుకోవడం. పిల్లల కోసం ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా తయారు చేయించిన పద్ధతి ఇది. యూరప్‌లో నాలుగు దేశాల క్లబ్బుల్లో పరీక్షిస్తే గాయాలు దాదాపు సగం తగ్గాయి. "వచ్చి ఇరవై నిమిషాలైంది, ఇంకా ఆట మొదలుకాలే" అని గేటు దగ్గర మీరు అనుకుంటున్నది ఈ ఇరవై నిమిషాల గురించే.

టైమ్ పొద్దున 5.45 నుంచి 7.15, వారానికి నాలుగు రోజులే. వానలు పడేదాకా సాయంత్రం ప్రాక్టీస్ లేదు. మన జిల్లాలో ఫ్లోరైడ్ సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు, అందుకని గ్రౌండ్ బోరు నీళ్లు తాగనివ్వను, ఇంటి నుంచి మంచినీళ్ల సీసా తప్పకుండా పంపండి. మజ్జిగ అయితే ఇంకా మంచిది. ఆట మధ్యలో బత్తాయి ముక్కలు నేను తెస్తా. మోకాలి కింద ముందు ఎముకకు దెబ్బ తగలకుండా పెట్టుకునే షిన్ గార్డులు లేకుండా ఎవరూ గ్రౌండ్‌లో దిగొద్దు, సాక్స్ వాటి మీదికి లాగి ఉండాలి, ఇది ఆట రూల్ కూడా.

బడుల పోటీలు అండర్-14, అండర్-17 అని ఉంటాయి కాబట్టి పుట్టిన తేదీ సర్టిఫికెట్ జిరాక్స్ ఇవ్వండి. వయసు ఒక ఏడాది తగ్గించి రాయించమని పోయినసారి ఇద్దరు అడిగారు. అది నేను చేయను. నిజంగా పన్నెండేళ్లున్న పిల్లాడు పదిహేనేళ్లవాడితో గుద్దుకుంటే ఏమవుతుందో ఒకసారి ఆలోచించండి.

ఆడపిల్లలకు ఈ ఏడాది వేరే బ్యాచ్ పెడుతున్నాం, ఇప్పటికి ఆరుగురు చేరారు, పన్నెండు మంది అయితే టీమ్ కడతాం. నిజామాబాద్ జిల్లా అమ్మాయి గుగులోత్ సౌమ్య మన దేశం జట్టుకు ఆడింది, మన ఊళ్లోనూ అలాంటి కాళ్లున్న పిల్లలు ఉన్నారు, గ్రౌండ్‌కు పంపించేవాళ్లు కావాలి. వాళ్లకు తోడుగా ఒక అమ్మ రోజూ గ్రౌండ్‌లో ఉండేలా మాట్లాడి పెట్టాను.

ఫీజు నెలకు 100 రూపాయలు పెంచుతున్నా, కోన్స్, బాల్స్, ఫస్ట్ ఎయిడ్ సామాను కొత్తవి కొనాల్సి వచ్చింది. ఇద్దరు పిల్లలను పంపే ఇంటికి పెంపు లేదు. కట్టలేనివాళ్లు పక్కకు పిలిచి నాతో చెప్పండి, పిల్లాడిని మాత్రం ఆపకండి.

ఆదివారం పొద్దున పది నుంచి షాపులోనే ఉంటా. పిల్లలను, వాళ్ల సాక్స్‌ను, పాత షూస్‌ను తీసుకురండి.