స్మార్ట్ మీటర్లు సరే, తెగిన తీగ సంగతేంటి?

సంపాదకులకు,

స్మార్ట్ మీటర్ల మీద మీ పేపర్లో వస్తున్న ఉత్తరాలన్నీ చదువుతున్నాను. బిల్లు పెరుగుతుందా, బ్యాలెన్స్ అయిపోతే అర్ధరాత్రి కరెంటు తీసేస్తారా, అన్నీ అడగాల్సినవే. కానీ మీటరు మారిస్తే కరెంటు వ్యవస్థంతా స్మార్ట్ అయిపోయినట్టేనని కొందరు రాస్తున్నారే, నా పేచీ అక్కడ. 2021లో కేంద్రం తెచ్చిన పథకంలో 25 కోట్ల ప్రీపెయిడ్ మీటర్లు పెట్టాలనుకున్నారు. ఆ మీటరు పావుగంటకో అరగంటకో ఒక లెక్క రాసుకుని తీరిగ్గా పంపుతుంది. బిల్లుకి అది చాలు.

మొన్న ఎండాకాలం గాలిదుమారానికి మా ఊరి పొలాల్లో 11 కేవీ తీగ తెగి ఎండుగట్టు మీద పడింది. సబ్‌స్టేషన్‌లో బ్రేకర్ ట్రిప్ కాలేదు. తెల్లారి అటు వెళ్ళిన గేదె చచ్చిపోయింది, తోలుకెళ్తున్న మనిషి బాగా వెనకున్నాడు కాబట్టి బతికాడు. అందరూ లైన్‌మన్‌ని తిట్టారు, పాపం అతనేం చేస్తాడు? ఎండునేల మీద పడ్డ తీగలోంచి భూమిలోకి పోయే కరెంటు చాలా తక్కువ, తేడా కనిపెట్టి బ్రేకర్‌ని తెరిపించే రిలేకి అది మామూలు లోడులాగే కనిపిస్తుంది.

ఫీడరు (సబ్‌స్టేషన్ నుంచి ఊళ్ళకి వచ్చే 11 కేవీ లైను) చివరి స్తంభాల మీద వోల్టేజి చూసే వైర్‌లెస్ సెన్సర్లుంటే ఇది పట్టుకోవచ్చు. సబ్‌స్టేషన్‌లో బ్రేకర్ వేసే ఉంది, అక్కడ లైను చివర ఒక ఫేజు లేదు, అంటే మధ్యలో ఎక్కడో తెగింది. అమెరికాలో శాన్ డియాగో కరెంటు కంపెనీ కార్చిచ్చుల భయంతో, తీగ నేలను తాకేలోపే సరఫరా ఆపేసే ఏర్పాటు ఇలాంటిదే చేసుకుంది. ఆరు మీటర్ల ఎత్తు నుంచి తీగ కింద పడటానికి సుమారు 1.1 సెకను (ఇంటర్లో చదివిన సూత్రమే, వేసి చూడండి). బ్రేకర్ తెరుచుకోవడానికి 0.1 సెకను తీసేస్తే మిగిలిన ఒక్క సెకనులో సెన్సర్ గుర్తుపట్టాలి, కబురు చేరాలి, నిర్ణయం జరగాలి.

బ్యాటరీ ఆదా కోసం సెన్సర్ని నిద్రపుచ్చి సెకనుకోసారి లేపే డిజైన్లు నేల తేమ కొలవడానికి బాగుంటాయి, ఇక్కడ పనికిరావు. కబురు ఒక సెన్సర్ నుంచి పక్కదానికి అందుకుంటూ ఏడు స్తంభాలు దాటి సబ్‌స్టేషన్‌కి రావాలంటే, ప్రతిచోటా పక్క సెన్సర్ లేచేదాకా సగటున అర సెకను ఆగినా మూడున్నర సెకన్లు. గాల్లో ప్రయాణానికి పట్టేది స్తంభానికి మూడు నాలుగు మిల్లీసెకన్లే, మిగతాదంతా ఎదురుచూపు! అయినా నెత్తిమీదే లైను ఉండగా బ్యాటరీ పొదుపెందుకండీ? తీగ చుట్టూ చిన్న కాయిల్ పెట్టి దాన్నుంచే పవర్ తీసుకోవచ్చు, తీగ తెగినప్పుడు ఆఖరి కబురు పంపడానికి కాస్త కరెంటు దాచుకునే ఒక కెపాసిటర్ చాలు. గాలివానలో అన్నీ ఒక్కసారే అరిస్తే ఏదీ వినబడదు కాబట్టి ఎవరి వంతు ఎప్పుడో ముందే పంచాలి. ఒక సెన్సర్ మూగబోయినంత మాత్రాన తీగ తెగినట్టు కాదు, రెండోది కూడా అదే చెప్పాలి, లేకపోతే ఊరికూరికే కరెంటు పోయి జనం వాటిని పీకి పారేస్తారు.

నిర్ణయం మాత్రం సబ్‌స్టేషన్‌లోనే జరగాలి. సిమ్ కార్డు పెట్టి ఎక్కడో ఉన్న సర్వరుకి పంపి జవాబు కోసం చూడటం కుదరదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో ఫోన్లు మూగబోయిన సంగతి అక్కడివాళ్ళెవరూ మర్చిపోలేదు.

అన్ని ఫీడర్లకీ ఒకేసారి పెట్టమనను, ఖర్చు నాకూ తెలుసు. ముందు పొలాల మీదుగా, బడుల పక్కగా పోయే లైన్లకి పెట్టండి. టెండర్లో మాత్రం కబురు ఎంతసేపట్లో చేరాలో సగటు లెక్కలో కాకుండా, గాలివాన రాత్రి కూడా దాటకూడని గడువుగా మిల్లీసెకన్లలో రాయండి.

— రిటైర్డ్ ఎలక్ట్రానిక్స్ లెక్చరర్, తెనాలి