ఫ్లాట్ అమ్మొద్దు నానీ

చిరంజీవి నానీకి అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అంతా మామూలే. గేదె ఈనింది. జున్ను నాన్న నాలుగు చెంచాలు తిన్నారు. నువ్వేమో ఫోన్ ఎత్తవు.

నాన్న అన్నవాహికకి కేన్సర్ గడ్డ అడ్డుపడిందని లోపల వేసిన ఆ జాలీ గొట్టం, స్టెంటు, బాగానే పనిచేస్తోంది. అది వేయకముందు ఉమ్మి కూడా దిగక పక్కన గిన్నె పెట్టుకునేవారు కదా, వేసిన మర్నాటికే మజ్జిగ దిగింది. కొన్నాళ్లు గుండెల్లో నొప్పన్నారు, తగ్గింది. దాంతో గడ్డ కరగదు, దారి తెరుచుకుంటుందంతే.

నువ్వు ఫ్లాట్ బేరం పెట్టావటగా, నాన్నని బొంబాయి తీసుకెళ్లి ఆపరేషన్ చేయించడానికి? శ్రీను చెప్పాడు. సరే, తర్వాత మాట్లాడదాం.

మొన్న పాపత్త వచ్చి ములక్కాడ పులుసు పెట్టింది. ఇడ్లీ, జావ, మెత్తటి అన్నమే పెట్టాలి, పీచున్నవి వద్దని ఆస్పత్రిలో మరీ మరీ చెప్పారు. 'పులుసొక్కటే' అంటూ ఆయన గిన్నె లాక్కున్నారు. నేను పెరట్లోకి వెళ్లొచ్చేసరికి ముక్క నోట్లో ఉంది. కాస్త పీచు లోపలికి జారి అడ్డం పడింది. ఆయన కళ్లల్లో నీళ్లు, అత్త ఏడుపు, నేను ఇద్దర్నీ తిట్టడం! నర్సమ్మకి ఫోన్ చేస్తే, నిటారుగా కూర్చోబెట్టి సోడా కొంచెం కొంచెంగా తాగించండి, దిగకపోతే వెంటనే తీసుకురండి అంది. పక్కింటి కుర్రాడు పరుగున వెళ్లి తెచ్చాడు. రెండో గ్లాసుకి పెద్ద త్రేన్పు వచ్చి దిగిపోయింది. దిగీ దిగగానే, 'ఉప్పు తక్కువైందే పాపా' అన్నారు.

నానీ, కాలేయానికి పాకాక అంత పెద్ద కోత కోసినా లాభం లేదన్నారు. కోస్తే ఉన్న ఓపిక కాస్తా మంచానికే సరిపోతుంది. లోపల్నుంచి ఇచ్చే రేడియేషన్ గురించీ అడిగాను. దాని గుణం ఎక్కువ కాలం నిలుస్తుందట గానీ, కనపడ్డానికి వారాలు పడుతుందట. నీళ్లే దిగని మనిషిని అన్నాళ్లు ఎలా ఆపుతాం? మార్ఫిన్ అంటే నువ్వు హడలిపోయావు. నాలుగు గంటలకోసారి డాక్టరు రాసినంతే ఇస్తున్నాను, మలబద్ధకం రాకుండా దాంతోపాటు ఇంకో మందూ. మత్తుగా ఏం పడుండటం లేదు, పేపరు చదివి అందర్నీ తిడుతున్నారు. చదువుకున్నవాడివి, డాక్టర్నే అడగాలి గానీ అర్ధరాత్రి నెట్లో చూసి బేరాలేంటి? ఆ ఈఎంఐలు, పిల్ల ఫీజులు ఎవరు కడతారు? వేళకి తింటున్నావా అసలు?

డబ్బు ఖర్చు పెట్టాలనుంటే సెలవు పెట్టుకుని రా, పిల్లనీ తీసుకురా. వచ్చేటప్పుడు ఏటవాలుగా ఉండే దిండు ఒకటి కొనుక్కురా. తిన్నది పైకి తన్నకుండా తల ఎత్తులో ఉంచమన్నారు. నేను పేర్చిన మూడు దిండ్ల మీంచీ తెల్లారేసరికి జారిపోతున్నారు.

మీ అమ్మ