చుట్లు సరే, బ్లాక్ అయితే ఎవరిది పూచీ?

సంపాదకులకు నమస్కారం.

మోకాలి కీహోల్ ఆపరేషన్లకు కొత్త షేవర్ యంత్రం వచ్చిందని మీ విశాఖ ఎడిషన్‌లో ఫొటోతో సహా వేశారు. వార్త వచ్చి వారం పైనే అయింది. ఈలోపు ఎవరో ఒకరు అసలు ప్రశ్న అడుగుతారని చూశాను. అడగలేదు. ఫొటోలో రిబ్బను, కత్తెర, కత్తెర పట్టుకున్న ప్రజాప్రతినిధి, ఆయన భుజాల మీదుగా తొంగిచూస్తున్న అధికారులు అందరూ స్పష్టంగా ఉన్నారు. యంత్రం ఎక్కడుందో వెతుక్కోవాలి. అది నిమిషానికి ఎన్ని వేల చుట్లు తిరుగుతుందో మాత్రం మీ విలేకరి రెండుసార్లు రాశారు.

నేను ఆపరేషన్ థియేటర్ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. ఈ చుట్ల లెక్క విన్నప్పుడల్లా ఒళ్లు మండుతుంది. తిరగకపోవడం కాదండీ సమస్య, మధ్యలో బ్లాక్ అవడం సమస్య.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. షేవర్ బ్లేడంటే ఒకదాంట్లో ఒకటి దూర్చిన రెండు సన్నని స్టీలు గొట్టాలు. పైది కదలదు, లోపలిది తిరుగుతుంది. రెండింటి కొసలోనూ చిన్న కిటికీ ఉంటుంది. సక్షన్ లాగితే చిరిగిన మెనిస్కస్ (మోకాలి ఎముకల మధ్య మెత్తలా ఉండే మృదులాస్థి) ముక్కో, వాచిన పొరో ఆ కిటికీలోకి వస్తుంది, రెండు అంచుల మధ్య తెగుతుంది, సెలైన్‌తో కలిసి లోపలి గొట్టం గుండా బయటికి పోతుంది. ముక్కులో పాలిప్స్, అంటే లోపల పెరిగే మెత్తటి కండలు, తీసే డీబ్రైడర్ కూడా ఇదే పద్ధతి. అక్కడ రక్తం గడ్డలు, చీమిడి తోడవుతాయి కాబట్టి ఇంకా జిగురు.

అడ్డు పడిందనుకోండి, సర్జన్ బ్లేడు బయటికి తీసి మా చేతికిస్తారు. మేం సన్నని తీగ పెట్టి పొడవాలి, సిరంజితో సెలైన్ కొట్టాలి, మళ్లీ ఇవ్వాలి. కాసేపటికి మళ్లీ అదే. ఈలోపు పేషెంటు మత్తులో ఉంటాడు, రక్తం ఆపడానికి తొడకు బిగించిన పట్టీ, అదే టోర్నికే, దాని గడియారం నడుస్తూనే ఉంటుంది. నగరంలో నేను పనిచేసిన ఒక ఆస్పత్రిలో చవగ్గా కొన్న బ్లేడ్లతో ఈ టెన్షన్ ఎంత పడ్డామో రాస్తే మీ పేజీ చాలదు. ఫిర్యాదు రాసిస్తే స్టోర్స్‌లో వచ్చిన సమాధానం: "వాడటం చేతకాక అంటున్నారు సిస్టర్."

చేతకానిది మాకు కాదు, దాన్ని తయారుచేసినవాళ్లకు. కిటికీ పెద్దది, గొట్టం లోపలి వెడల్పు చిన్నది అయితే గొట్టంలో పట్టని ముక్క తెగుతుంది, అక్కడే ఇరుక్కుంటుంది. దారి వెనక్కి పోయేకొద్దీ ఇరుకవకూడదు. వీలైతే వెడల్పవ్వాలి. మన గెడ్డలు, అంటే వాననీటి కాలువలు, ఎందుకు పొంగుతాయో తెలిసిన విశాఖవాసికి ఇది వేరే చెప్పాలా? పైన వెడల్పు, కల్వర్టు దగ్గర ఇరుకు. ఏటా వానలకు జ్ఞానాపురం వైపు నీళ్లు నిలుస్తాయి, ఏటా పూడిక తీస్తారు, తీసిన పూడిక గట్టు మీదే పోసి మళ్లీ వానకు అప్పగిస్తారు. అతిథులొస్తున్నారంటే బీచ్ రోడ్డు గోడలకు మాత్రం రాత్రికి రాత్రే రంగులు పడతాయి. పైకి కనిపించేదానికే డబ్బు.

షేవర్ సంగతికి వస్తే, రెండు గొట్టాల మధ్య సందు ఎక్కువైనా, అంచులు మొద్దుబారినా టిష్యూ తెగదు, పీచులా సాగి సందులోకి చుట్టుకుంటుంది. వంపు ఉన్న బ్లేడయితే ఆ వంపు దగ్గర, సర్జన్ చేత్తో పట్టుకునే పిడి, అంటే హ్యాండ్‌పీస్‌లో కలిసే చోట లోపలి గోడ నున్నగా ఉండాలి. వేగం పెంచేస్తే పని వేగంగా అవుతుందనుకోవడం మరో అమాయకత్వం. చుట్లు మరీ ఎక్కువైతే కిటికీ తెరుచుకుని ఉండే క్షణం తగ్గిపోతుంది, టిష్యూ లోపలికి రావడానికే సమయం చాలదు. అందుకే మెత్తటి పొరలకు కాస్త అటు, కాస్త ఇటు తిరిగే ఆసిలేట్ మోడ్ వాడతారు. టెండరు కాగితంలో మాత్రం కావలసిన చుట్లు ఇన్ని, ధర ఎల్-1, అంటే అందరికన్నా తక్కువ కోట్ చేసినవాళ్లది, అంతే. కిటికీకి, గొట్టానికి పొంతన గురించి ఒక్క ముక్క ఉండదు.

ఒకసారి వాడి పారేయాల్సిన బ్లేడును కడిగి మళ్లీ వాడే అలవాటు గురించి ఎవరూ నోరు విప్పరు. మళ్లీ వాడటానికే తయారైన హ్యాండ్‌పీసుల్లో సైతం, పద్ధతి ప్రకారం కడిగాక కూడా లోపల టిష్యూ మిగిలిపోతోందని అమెరికాలో మందులు, వైద్య పరికరాల మీద నిఘా ఉంచే ఎఫ్‌డీఏ 2009లోనే హెచ్చరించింది. ఇక వెంట్రుకంత సందున్న బ్లేడులో ఏం మిగులుతుందో ఆలోచించండి. శ్రీకాకుళం నుంచి, పాడేరు నుంచి, కోరాపుట్ నుంచి నమ్మకంతో మన ఊరికి వచ్చే పేషెంటుకు ఇదెవరు చెబుతారు?

పోనీ మనకు దిక్కు లేదా అంటే, పెదగంట్యాడలో 2018లో ప్రారంభమైన, వైద్య పరికరాలు తయారుచేసే మెడ్‌టెక్ జోన్ ఉంది, పరికరాలు పరీక్షించే ల్యాబులున్నాయి. కోవిడ్ రోజుల్లో అక్కడే టెస్టు కిట్లు, వెంటిలేటర్లు తయారుచేసి చూపించారు. పక్కనే స్టీలు ప్లాంటు, గాజువాక, ఆటోనగర్‌లలో లేతు మీద వెంట్రుకవాసి తేడా పట్టగల పనివాళ్లు. ఇంజినీరింగ్ కాలేజీలకైతే లోటే లేదు, ఫైనలియర్ ప్రాజెక్టుల పేరుతో ఏటా అవే గీత వెంట నడిచే లైన్ ఫాలోయర్ రోబోలు. ఒక్క బ్యాచ్‌నైనా థియేటర్‌లోకి పంపి, సర్జన్ పక్కన, అంతకన్నా ముఖ్యంగా తీగతో పొడిచే నర్సు పక్కన నిలబెట్టండి. ఏం చెయ్యాలో వాళ్లకే తెలుస్తుంది. కానీ ఎంఓయూ సంతకాలకు దొరికినంత తీరిక దీనికి దొరకదు.

నేను అడిగేది పెద్ద కోరిక కాదు. కొనేముందు కంపెనీలవాళ్లను వరసగా కూర్చోబెట్టి, అందరికీ ఒకే సక్షన్, ఒకే సెలైన్ ధార ఇచ్చి, మేక మోకాలి మీద బ్లేడు నడిపించమనండి. ఎన్నిసార్లు అడ్డుపడింది, శుభ్రం చేయడానికి ఎంతసేపు పట్టింది రాసుకుని, దానికి కూడా మార్కులు వేయండి. కమిటీలో ఒక థియేటర్ నర్సుకు కుర్చీ వేయండి. యంత్రంతో పాటు వచ్చిన బ్లేడ్లు అయిపోయాక కొత్తవి ఏ పద్దు కింద కొంటారో ముందే రాసిపెట్టండి. మేక మోకాళ్లకు నిధులు లేవంటే కబురు పెట్టండి, నా పింఛనులోంచి ఇస్తాను.

— ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు,
మద్దిలపాలెం, విశాఖపట్నం