కాలు చెయ్యి పడిపోతే శిబిరానికి కాదు

సంపాదకులకు,

మొన్న ఆదివారం మీ పేపరు మడతలో ఒక కరపత్రం వచ్చింది. హన్మకొండలో మూడు రోజుల శిబిరమట. ఊపిరి బిగబట్టిస్తే మెదడులో ఉండే పీనియల్ అనే చిన్న గ్రంథిలో డీఎంటీ ఊరుతుందట, మూడో కన్ను తెరుచుకుంటుందట, పక్షవాతం కూడా తగ్గుతుందట. కరపత్రాలు పెట్టేది ఏజెంట్లేనని తెలుసు. అయినా ఇందులో కొంత నిజం ఉంది కాబట్టే మీకు రాస్తున్నాను.

డీఎంటీ అంటే, లేని బొమ్మలను కళ్ల ముందు చూపించే పదార్థం. అమెజాన్ అడవుల్లో తాగే అయాహువాస్కా కషాయంలో ఉండేది ఇదే. మన ఒంట్లోనూ కొద్దిగా తయారవుతుంది. అందుకు కావలసిన ఎంజైమును అమెరికా శాస్త్రవేత్త జూలియస్ ఆక్సెల్‌రాడ్ 1961లో కుందేలు ఊపిరితిత్తుల్లో కనిపెట్టాడు. డీఎంటీ కణాల్లోని సిగ్మా-1 గ్రాహకానికి, అంటే రసాయనాలు వచ్చి అతుక్కునే ఒక ప్రొటీనుకు, అతుక్కుంటుందని 2009లో తేలింది. కణం ఇబ్బందిలో పడ్డప్పుడు ప్రొటీన్లు చెడిపోకుండా, కాల్షియం అదుపు తప్పకుండా చూసుకునేది ఆ గ్రాహకమే. 2016లో హంగరీ పరిశోధకులు మనిషి మూలకణాల నుంచి పెంచిన మెదడు కణాలకు ఆక్సిజన్ తగ్గించి చూశారు. డీఎంటీ అందినవి ఎక్కువగా బతికాయి. 2020లో ఎలుకల మెదడు రక్తనాళాన్ని, పక్షవాతంలో మూసుకుపోయినట్టే, కాసేపు మూస్తే, డీఎంటీ ఇచ్చినవాటిలో దెబ్బతిన్న భాగం చిన్నగా ఉంది.

ఇదంతా గాజు పళ్లెంలో, ఎలుకల్లో జరిగిన ముచ్చట. పైగా 2019లో ఎలుకల గుండె ఆపి చూసినప్పుడు, పీనియల్ తీసేసినవాటి మెదడులో కూడా డీఎంటీ పెరిగింది. మరి మూడో కన్ను ఎటు పోయినట్టు? బీపీ ఉన్న మనిషిని ఊపిరి బిగబట్టి కూర్చోబెట్టడమైతే నాకు భయమే. ఇక డీఎంటీ పొడి అంటూ ఎవరైనా అమ్మజూపితే అది 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద నేరం.

మా బాపుకు కాలు చెయ్యి పడిపోయిన రోజు ములుగు దిక్కు ఒక ఊరికి పసరు మందు కోసం ఆటోలో తీసుకుపోయాం. పెద్దాసుపత్రికి చేరేసరికి తెల్లారి మధ్యాహ్నమైంది. రక్తం గడ్డను కరిగించే సూది నాలుగున్నర గంటల్లోపే పనికొస్తుందని డాక్టరు చెప్తుంటే తల దించుకున్నాను. జంతుశాస్త్రం పాఠాలు చెప్పేవాణ్ని అప్పటికే. పసరు పోసినాయనను అనడానికి నాకు నోరు రాలేదు.

జిల్లా పేజీలో వారానికోసారి ఒక చిన్న పెట్టె వేయండి: మూతి వంకరపోయినా, చెయ్యి లేవకపోయినా, మాట తడబడినా 108కి ఫోన్ చేయాలని, రాత్రిపూట సీటీ స్కాన్ ఎక్కడ నడుస్తోందో కూడా చెప్తూ.

— విశ్రాంత అధ్యాపకుడు, హన్మకొండ