పనితనానికి లెక్క ఎక్కడ?

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అందింది. జీతం చాలడం లేదని ఇంతగా బాధపడుతూ వేరే ఫ్యాక్టరీ చూసుకోకుండా ఇంకా అక్కడే ఎందుకున్నావని నిలదీశావు. కొరత జీతం ఒక్కదానిదే అయితే నీ సలహా ఎప్పుడో పాటించేవాణ్ణి. నన్ను లోలోపల తొలిచేస్తున్నది వేరే ఉంది: యంత్రం దగ్గర ఏళ్ల తరబడి నేర్చుకున్న పనిని లెక్కలోకి తీసుకునే పద్ధతే మా దగ్గర లేదు. జీతం పెరగకపోవడం, పైవాళ్లు మా మాట వినకపోవడం, ప్రమోషన్ రాకపోవడం అనే మూడూ ఆ ఒక్క లోపం నుంచే పుడుతున్నాయని నా గట్టి నమ్మకం.

మనుషులు దొరకడం లేదని కొత్తగా చేరేవారి ప్రారంభ జీతం పెంచారు. అది తప్పని నేను అనను, వాళ్లకు రావలసిందే వచ్చింది. అయితే పాతవారి గ్రేడ్లను ఆ మేరకు సవరించలేదు కాబట్టి, డై సెట్టింగ్‌ను, అంటే ముక్కకు ఆకారమిచ్చే అచ్చును యంత్రంలో అమర్చడాన్ని, మొదటి ముక్కకే సరిగ్గా కుదిర్చే మనిషికీ, అతని పక్కన నిలబడి పని నేర్చుకుంటున్న కుర్రాడికీ మధ్య తేడా నామమాత్రంగా మిగిలింది. పైగా నేర్పించే బాధ్యత పాతవాడిదే, పనితీరును అంచనా వేసే అప్రైజల్ ఫారంలో మాత్రం దానికి ఒక గడి కూడా లేదు. అడిగితే ఓవర్‌టైమ్ కలిపి చేతికందే మొత్తాన్ని చూపిస్తారు. ఆర్డర్లు తగ్గిన నెలలో ఇల్లు మూల వేతనంతోనే గడవాలన్న సంగతి ఆ లెక్కలో ఉండదు.

డబ్బు ముఖ్యం కాదని చెప్పేవారితో నేను ఏకీభవించను. 1913లో ఫోర్డ్ కంపెనీ సుమారు 14,000 మంది కార్మికులను నిలుపుకోవడానికి ఏడాదిలో 52,000 మందికి పైగా చేర్చుకోవలసి వచ్చింది. 1914 జనవరిలో ఎనిమిది గంటల పనికి రోజుకు 5 డాలర్లు ప్రకటించాక మానేసేవారు బాగా తగ్గారు. కానీ అందులో కొంత భాగం లాభాల వాటా పేరుతో ఇచ్చేవారు, ఆ వాటా పొందాలంటే కంపెనీ మనుషులు ఇంటికి వచ్చి కార్మికుడి జీవన విధానాన్ని పరిశీలించేవారు. జీతం పెరిగినంత మాత్రాన పనివాడి మీద నమ్మకం పెరిగినట్లు కాదని ఇందుకే అంటున్నాను.

మా సూపర్‌వైజర్లు చెడ్డవారు కారు. షిఫ్టులో ఎన్ని ముక్కలు వచ్చాయన్నదే వారికి కొలత. బేరింగ్ శబ్దం మారిందని లాగ్‌బుక్‌లో రాసి, కాసేపు యంత్రం ఆపితే సరిపోతుందని చెప్పినా, టార్గెట్ పూర్తయ్యాక చూద్దామన్నారు. ఆ రాత్రే షాఫ్ట్ కూడా దెబ్బతిని షిఫ్టంతా నిలిచిపోయింది. మర్నాడు మీటింగులో మొదట అడిగింది ఆ సమయంలో యంత్రం మీద ఎవరున్నారని. నేను రాసిన పేజీని ఎవరూ తెరవలేదు. ఇలా ఒకటి రెండుసార్లు జరిగాక ఎంత మంచి పనివాడైనా నోరు మెదపడం మానేస్తాడు. ఆ మౌనాన్నే తర్వాత అప్రైజల్‌లో చొరవ లేదని రాస్తారు, అది నాకు జీతం కన్నా ఎక్కువ బాధ కలిగిస్తుంది.

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్ 1982లో మూసేసిన ప్లాంటును 1984లో టయోటాతో కలిసి మళ్లీ తెరిచారు. గైర్హాజరుకూ గొడవలకూ పేరుపడ్డ పాత కార్మికులనే ఎక్కువగా తీసుకున్నారు. లోపం కనిపించిన వెంటనే ఎవరైనా లైను పక్కనున్న తాడు లాగి సహాయం పిలవగలిగేవారు, సమస్య తీరకపోతే లైను ఆగేది. గైర్హాజరు బాగా తగ్గింది, నాణ్యత జపాన్ ప్లాంట్లతో పోల్చదగిన స్థాయికి చేరింది. మనుషులు చాలావరకు వాళ్లే, యూనియన్ కూడా అదే, మారింది వాళ్ల మాట వినే పద్ధతి.

ఎదుగుదల విషయంలో మాకున్న దారి ఒక్కటే, సూపర్‌వైజర్ కావడం. ఆ ఖాళీలు కూడా ఎక్కువగా డిగ్రీతో నేరుగా వచ్చినవారికే వెళతాయి. మనుషులను నడపాలన్న కోరిక లేకుండా పనిలోనే లోతుకు వెళ్లాలనుకునే ఫిట్టరుకు పై మెట్టు అంటూ లేదు. జర్మనీలో అప్రెంటిస్‌గా మొదలైన కార్మికుడు అనుభవం సంపాదించి, పరీక్షలు రాసి మైస్టర్, అంటే ఆ పనిలో గుర్తింపు పొందిన నిపుణుడు, కావచ్చు. 2012లో చదువులనూ శిక్షణలనూ స్థాయిల వారీగా పేర్చే అక్కడి అర్హతల చట్రంలో మైస్టర్‌ను బ్యాచిలర్ డిగ్రీతో సమానమైన ఆరో స్థాయిలో చేర్చారు. పనితనాన్ని చదువు పక్కన కూర్చోబెట్టడం సాధ్యమేనని దీన్నిబట్టి తెలుస్తోంది.

మా షాపులో గోడ మీద స్కిల్ మ్యాట్రిక్స్ ఉంది. ఎవరికి ఏ యంత్రం ఎంత వచ్చో అందులో గుర్తులు పెట్టి ఆడిట్ వచ్చినప్పుడు చూపిస్తారు, కానీ ఆ గుర్తులకూ గ్రేడుకూ సంబంధం లేదు. ఆ రెండింటినీ ముడిపెట్టమనీ, నేర్పించే పనిని కూడా లెక్కించమనీ, గ్రేడు మార్పు నిబంధనలు రాతలో ఇవ్వమనీ కోరుతూ మేం కొంతమందిమి కలిసి అర్జీ రాస్తున్నాం. దానికి జవాబు ఏమిటో తెలిశాకే ఉండాలో వెళ్లాలో నిర్ణయించుకుంటాను. మీ ప్లాంటులో గ్రేడు మార్పుకు ఏ పరీక్ష పెడతారో, దాన్ని ఎవరు నిర్వహిస్తారో, జీతంలో తేడా ఎలా నిర్ణయిస్తారో వివరంగా రాయి. అర్జీ ఇచ్చేలోగా అందితే అందులో చేరుస్తాను.

నీ మిత్రుడు